చేయి నేర్వని జాలి

పుట్టినరోజు నాడు వికలాంగ పిల్లల హాస్టల్‌కు వెళ్లి భోజనం పెట్టించి రావడం మన పట్టణాల్లో ఇప్పుడొక ఆనవాయితీ. తల నిలపలేని, మాట రాని, నమలడమే కష్టమైన పిల్లలను మొదటిసారి దగ్గరగా చూసినవాళ్లలో కొందరు ‘మళ్లీ అటు వెళ్లలేను, రాత్రంతా నిద్ర పట్టలేదు’ అంటారు. ఇంకొందరు ‘వాళ్లను చూశాక మన కష్టాలు కష్టాలే కావనిపించింది’ అంటారు. ఈ రెండో మాటను చక్రాల కుర్చీలో జీవించిన ఆస్ట్రేలియా జర్నలిస్టు, హాస్యనటి స్టెల్లా యంగ్ 2014లో ఒక ప్రసంగంలో గట్టిగా ఎండగట్టారు: ఎదుటివాళ్లకు ఊరట కలిగించే వస్తువులుగా మమ్మల్ని వాడుకోకండని ఆమె వాదన. మొదటి మాట మీద ఎవరికీ కోపం రాదు, అది మెత్తని మనసుకు గుర్తని సరిపెట్టుకుంటాం. నాకు మాత్రం రెండూ ఒకే లోటు నుంచి పుట్టినట్టు కనిపిస్తాయి. ఆ గదిలో చేతులతో ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు. ఇలాంటి సేవలో మనసు నిలబడేదీ కూలేదీ చేతికి తెలిసినదాన్ని బట్టే.

మనసు మెత్తనైతే చాలదని చెప్పడానికి పాత ఆధారాలే ఉన్నాయి. బర్నౌట్ అనే మాటను 1974లో వృత్తి అలసటకు అన్వయించి రాసిన న్యూయార్క్ మానసిక శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ చూసింది కార్పొరేట్ ఉద్యోగులను కాదు. ఉచిత క్లినిక్‌లలో ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లను చూసి రాశాడు. అంకితభావం ఎక్కువున్నవాళ్లే ముందు కుంగిపోతున్నారని గమనించాడు. ఆ తర్వాత పరిశోధకులు టానియా సింగర్, ఓల్గా క్లిమెకీల బృందం చేసిన ప్రయోగాల్లో, ఎదుటివాళ్ల బాధను తమలోకి తెచ్చుకోవడం సాధన చేసినవాళ్లకు దుఃఖం పెరిగింది. వాళ్లకే తర్వాత కరుణను, అంటే బాధపడేవాళ్ల మేలు కోరడాన్ని సాధన చేయిస్తే మనసు తేరుకుంది. కరుణ కూడా నేర్చుకునేదేనన్నమాట.

అన్నం తినిపించడం చూడండి. సెరిబ్రల్ పాల్సీ తీవ్రంగా ఉన్న బిడ్డకు నోటి కండరాలు స్వాధీనంలో ఉండవు. పడుకోబెట్టో, తల వెనక్కి వాల్చో పెడితే ముద్ద శ్వాసనాళంలోకి జారవచ్చు. అది ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌గా మారితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నిటారుగా కూర్చోబెట్టి, నడుముకూ తలకూ ఆసరా ఇచ్చి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసి, బిడ్డ కంటి ఎత్తున ఎదురుగా కూర్చుని, చెంచాలో కొంచెమే తీసుకుని పెట్టాలి. మింగిందని చూసుకున్నాకే రెండో చెంచా. మెత్తగా కలిపిన పప్పన్నం ఒక గిన్నెడు అవడానికి 45 నిమిషాలు పట్టవచ్చు. (పుట్టినరోజు కేకు, చిప్స్ ఈ పిల్లల్లో కొందరికి నిజంగానే ప్రమాదం. ఫొటో కోసం నోట్లో పెట్టే చేతికి ఆ సంగతి తెలియదు.) ఆ ముప్పావుగంటలో ‘అయ్యో’ అనుకోవడానికి తీరిక దొరకదు. చూపంతా పెదవుల మీద, గొంతు మీద ఉంటుంది. కొన్ని వారాలకు, పెదవి బిగిస్తే ‘చాలు’ అని, కళ్లు చెంచా వైపు తిరిగితే ‘ఇంకా’ అని అర్థమవుతుంది. పెరుగన్నానికి మొండికేసే ఒక మనిషి పరిచయమవుతాడు. 1980లలో ఇంగ్లండ్‌లోని హార్పర్‌బరీ ఆసుపత్రి పాఠశాలలో రూపుదిద్దుకున్న ‘ఇంటెన్సివ్ ఇంటరాక్షన్’ పద్ధతి ఈ పరిచయానికే ఒక క్రమం కల్పించింది: బిడ్డ చేసిన చప్పుడుకు చప్పుడుతో, ఊగితే ఊగి బదులివ్వడం, ఆపైన ఆగి ఎదురుచూడడం. చంటిబిడ్డ ‘ఉంగా’ అంటే తల్లి ‘ఉంగా’ అనేది ఇదే. పన్నెండేళ్ల పిల్లాడి దగ్గర అలా చేయడానికి సిగ్గుపడతాం, అంతే.

ఇలా పని నేర్చేసుకుంటే మనసు మొద్దుబారదా అని అడగవచ్చు. మొద్దుబారినవాళ్లు ఉన్నారు. అయితే అది ఎక్కువగా ఒక్క ఆయా చేతికింద మోయలేనంత మంది పిల్లలున్న చోట జరుగుతుంది. అక్కడ కరువైనది సమయం. పని తెలిసినంత మాత్రాన దుఃఖం పోదు కూడా. ఈ పిల్లల్లో చాలామంది ఆరోగ్యం సున్నితం, దగ్గరైన బిడ్డ చనిపోతే ఆ దెబ్బను ఏ శిక్షణా ఆపలేదు. కానీ అది తెలిసిన మనిషి కోసం పడే దుఃఖం, మొదటి రోజు దిగులుతో దానికి పోలిక లేదు. ఇక నిర్వాహకుల భయం వేరు: వచ్చేవాళ్లను పిల్లలకు తినిపించకుండా ఆపితే విరాళాలు ఆగిపోతాయని. న్యాయమైన భయమే. డైపర్లకూ ఫిజియోథెరపీకీ డబ్బిచ్చేవాళ్లు పిల్లల నోటికి ముద్ద అందించి తీరాలని మాత్రం ఎక్కడా లేదు.

అసలిదంతా ప్రభుత్వ బాధ్యత కదా అన్న అభ్యంతరం వీటన్నిటికన్నా బలమైనది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మేధో వైకల్య రంగంలో శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. వాలంటీరు వీటిలో దేనికీ ప్రత్యామ్నాయం కాడు, కాకూడదు. కానీ ఒక పూట 45 నిమిషాలైతే, అలాంటి పది మంది పిల్లలకు మూడు పూటలా తినిపించడానికే రోజుకు 22.5 గంటలు కావాలి. స్నానం, బట్టలు, వ్యాయామం ఇందులో లేవు. వారం వారం చెంచా పట్టినవాళ్లకు ఈ లెక్క తెలుస్తుంది. ఎంతమంది ఆయాలను పెట్టారని హాస్టల్ కమిటీని, జిల్లా అధికారిని వాళ్లు అంకెలతో అడగగలరు.