పంటకో లెక్క, ఉపవాసానికో లెక్క

చెన్నైలోని మా వ్యాసర్పాడిలో రోజుకో కాగితం చించే క్యాలెండరు ఇప్పటికీ చాలా ఇళ్ళలో గోడకు వేలాడుతోంది. ఒకే కాగితం మీద ఇంగ్లీషు తేదీ, తమిళ తేదీ, తిథి, అడుగున హిజ్రీ తేదీ. 2025లో మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్ పండుగ, ఏప్రిల్ 14న తమిళ సంవత్సరాది వచ్చాయి. ఈ మూడూ ఏటా ఇలా కూడవు.

తమిళ సంవత్సరాది సూర్యుణ్ణి నమ్ముకుంది కాబట్టి పెద్దగా కదలదు. మన తెలుగు నెలలు చంద్రుడివి. పన్నెండు నెలలు కలిపితే 354 రోజులే. సౌరమానానికి సుమారు 11 రోజులు తక్కువ. ఆ లోటు నెలంత అయ్యేసరికి అధికమాసం వేసి సరిపెడతాం. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది అందుకే.

హిజ్రీలో ఈ సర్దుబాటు లేదు, ఖురానే కాదంది. 29వ రోజు సాయంత్రం నెలవంక కనిపిస్తే కొత్త నెల, లేదంటే మర్నాటితో 30 పూర్తి. దాంతో రంజాన్ ఏటా పది పన్నెండు రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళకు రుతువులన్నీ చుట్టి వస్తుంది. 2018లో ఇక్కడి మే నెల కత్తిరి ఎండల్లోనే ఉపవాసాలు మొదలయ్యాయి. 2030లో రంజాన్ నెల జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి మొదలవుతుంది.

అయితే చేను నెలవంక చూసి పండదు. పంట చేతికి రాకముందే శిస్తు కట్టమంటే రైతేం కడతాడు? అందుకే మొగలులు శిస్తు కోసం సౌరమానంలో ఫసలీ అనే లెక్క పెట్టారు. దక్కనులో షాజహాన్ కాలాన, 1636లో, హిజ్రీ 1046నే ఫసలీ 1046గా తీసుకున్నారు. 2025 జులై 1న మొదలైంది ఫసలీ 1435. అప్పటికే నడుస్తున్నది హిజ్రీ 1447. ఒకేచోట బయల్దేరిన రెండు లెక్కల మధ్య 389 ఏళ్ళలో పన్నెండేళ్ళ ఎడం!

హిజ్రీని తప్పుల లెక్క అనేవాళ్ళు ఒక్కటి గమనించాలి. ఏటా మే నెలకే ఉపవాసం వస్తే, ఎండలో మూటలు మోసేవాడికి జన్మంతా అదే శిక్ష. తిరిగే నెల ఆ కష్టాన్ని అన్ని కాలాలకూ, అన్ని దేశాలకూ పంచుతుంది. శిస్తుకు నిలకడ న్యాయం, ఉపవాసానికి తిరగడమే న్యాయం. ఈ రెండు లెక్కల ఎడం మీద నమ్మకం కుదరకపోతే మీ ఊరి పొలం కాగితాలు తీసి చూడండి. ఫసలీ అంకె కనిపిస్తే, దాని పక్కన ఆ ఏటి హిజ్రీ వేసి తీసివేయండి.