మాట ఆగిపోయే భోజనం

నవలల మీదా, సినిమాల మీదా రాసే మనిషి హోటలు భోజనం మీద సమీక్ష రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఆమధ్య లండన్‌లో నాకు పెట్టిన భోజనాన్ని కళ అని చెప్పి మరీ వడ్డించారు. కళ అన్నాక విమర్శ తప్పదు కదండీ!

పిన్ని కూతురు అక్కడే ఉద్యోగం చేస్తోంది. "నేను పుట్టిన దేశం వంటలక్కా, కొత్త పద్ధతిలో చేస్తారుట, అమ్మని కూడా తీసుకెళ్దాం" అంది. నిజమే, తను పుట్టింది నైజీరియాలోనే. బాబాయి 1979 నుంచి ఆరేళ్ళు ఇబాదాన్‌లో లెక్కల మాస్టారు. ఆ రోజుల్లో అక్కడి స్కూళ్ళకి మన దేశం నుంచి టీచర్లు బాగానే వెళ్ళారు.

మేం వెళ్ళిన హోటలు పేరు చెప్పను. ఒక్క సాయంత్రం తిని, పేరు పెట్టి మెచ్చుకున్నా తిట్టినా న్యాయం కాదు. లండన్‌లో ఇలాంటివి కొన్ని ఉన్నాయి. 2017లో తెరిచిన 'ఇకోయి'కి 2022లో రెండో మిషెలిన్ నక్షత్రం వచ్చింది. 'చిషురు' నడిపే అడెజోకె బకారే ఏ వంట కాలేజీలోనూ చదవకుండా 2024లో ఆ నక్షత్రం అందుకుంది. బ్రిటన్‌లో అది దక్కిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. చిషురు అంటే హౌసా భాషలో, భోజనం ముందుకి రాగానే అందరూ మాటలు ఆపేసే ఆ నిశ్శబ్దమట. ఎంత చక్కని మాట! హోటలుకి వెళ్ళేముందే చెల్లెలు చెప్పింది. అదే నాకు కొలబద్ద అయింది.

మొదట అకారా వచ్చింది. బొబ్బర్లు నానేసి, పొట్టు తీసి, రుబ్బి వేయించిన పునుగు. అంతే! (మీ వైపు అలసందలంటారేమో.) అసలు బొబ్బర్లది ఆఫ్రికాయే పుట్టిల్లు, వేల ఏళ్ళ కిందట మన దేశం వచ్చాయి. బెండకాయకి ఇంగ్లీషు వాళ్ళు పెట్టుకున్న 'ఓక్రా' అనే పేరు కూడా నైజీరియాలోని ఇగ్బో భాషదే. మరి పరాయి వంటని ఎలా అనుకోను? పెద్ద పళ్ళెం మధ్యలో నిమ్మకాయంత పునుగు ఒక్కటి, ముగ్గులో చుక్కలా కూర్చుంది. మేం కబుర్లాడుతూనే తినేశాం.

తర్వాత ఎగుసి. పుచ్చజాతి గింజలు నూరి, ఆకుకూర వేసి చిక్కగా ఉడికించే కూర అది. ఇళ్ళల్లో పెండలం జాతి దుంపని ఉడికించి, రోట్లో దంచి, ఆ ముద్దతో తింటారు. చేత్తో చిన్న ఉండ తీసుకుని, బొటనవేలితో గుంట చేసి, కూర అద్దుకుని మింగేయడమే. ఇక్కడ మాత్రం గింజలు అప్పడంలా పల్చగా, ఆకు పసరు నాలుగు బొట్లుగా వచ్చాయి. పక్కన వెండిలా మెరిసే ఫోర్కు. నిజం చెప్పొద్దూ, రుచికి వంక పెట్టలేను. తెల్లవాళ్ళు ముఖం చిట్లిస్తారని కారం తగ్గించలేదు, పులియబెట్టిన ఇరు గింజల వాసనా దాచలేదు. అంత ధైర్యమున్న మనిషి చెయ్యి కడుక్కోమని ఎందుకు చెప్పలేకపోయాడో! "రుచి అదేనే, మరి ముద్దేదీ?" అంది పిన్ని.

జొలాఫ్ అన్నం టమాటా ఎరుపుతో, పొగ వాసనతో బాగానే ఉంది. ఎవరిది గొప్పన్న దాని మీద నైజీరియా వాళ్ళకీ ఘనా వాళ్ళకీ తెగని తగువు. మనకి ఆవకాయ మీద లేదూ, అలాగే.

ఆఖరికి మొయిన్ మొయిన్. అదే బొబ్బర్ల పిండిలో ఉల్లి, మిరప రుబ్బి కలిపి ఆకులో పొట్లం కట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. సర్వరు కుర్రాడు మా ముందే ఆకు విప్పాడు. ఆవిరి లేచింది. పిన్ని మాట ఆగిపోయింది. ఫోర్కు పక్కన పెట్టి చేత్తో తినడం మొదలుపెట్టింది. మేమిద్దరం కూడా పెట్టేశాం. పక్క టేబులు వాళ్ళు చూస్తే చూశారు.

పిన్ని బాలింతరాలుగా ఉన్న నెలంతా పక్కింటావిడ వేడివేడిగా ఇదే తెచ్చిపెట్టేదట. పిన్ని తినదని చేపా, గుడ్డూ వేయకుండా, వేరే గిన్నెలో విడిగా ఉడికించి మరీ.

"ఇంకొకటి పెడతారా బాబూ?" అని అడిగింది పిన్ని. ఆ కుర్రాడు లోపలికెళ్ళి వచ్చి, లెక్కకే చేస్తామని నొచ్చుకుంటూ చెప్పాడు. మారు వడ్డన లేని భోజనం ఎంత అందంగా ఉన్నా, నాకు మాత్రం కథ మధ్యలో పుస్తకం లాక్కున్నట్టే ఉంది.

చేతిలో పెట్టిన కార్డు మీద వంటాయన పేరుంది, పళ్ళాలు చేసినవారి పేరుంది. ఈ వంటలు మా అమ్మమ్మల జ్ఞాపకం అని కూడా రాసి ఉంది. అమ్మమ్మ పేరు మాత్రం లేదు. ఆ మాటే రైల్లో గట్టిగా దులిపేస్తున్నాను.

"అతన్నెందుకే అంటావు?" అంది పిన్ని కిటికీ వైపు చూస్తూ. "అక్కడ పెద్దబిడ్డ పేరుకి ముందు 'ఇయా' అని చేర్చి, ఆ బిడ్డ అమ్మ అని పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను. ఆరేళ్ళలో ఆవిడ పేరేమిటో ఒక్కసారి అడగలేదు."

ఇంటికొచ్చి పిన్ని పడుకోబోయే ముందు బొబ్బర్లు నానబోసింది. పొద్దున్న పొట్టు తీసే పని మా ఇద్దరి మీదా పడింది.