మళ్లీ రమ్మనే విద్య

చిగుళ్ల వైద్యంలో ఎండీఎస్ సీటు తెచ్చుకున్న డాక్టరమ్మ మొదటి నెలల్లో ఎవరి చిగురూ కోయదు. కూర్చుని పరికరాలకు పదును పెడుతుంది. బీడీఎస్ పూర్తిచేసి, ఏడాదిపాటు హౌస్‌సర్జన్‌గా పనిచేసి, నీట్‌లో ర్యాంకు తెచ్చుకుని వచ్చిన మనిషి చేతికి సానరాయి ఇస్తారు. పదును తేలిందో లేదో గీసి చూసుకోవడానికి ఒక ప్లాస్టిక్ కడ్డీ ఇస్తారు. బయటివాళ్లకు ఇది చదువులా అనిపించదు. మూడేళ్ల కోర్సు మొత్తం నిలబడేది మాత్రం ఈ పని మీదే.

ఆ పరికరం పేరు క్యూరెట్. పంటి వేరుకు అంటుకుని చిగురు కింద దాక్కున్న గారను గీకి తీసేది అదే. వీటిలో ఎక్కువగా వాడే గ్రేసీ క్యూరెట్లను అమెరికాలోని మిషిగన్‌కు చెందిన దంతవైద్యుడు క్లేటన్ గ్రేసీ 1940 ప్రాంతంలో షికాగోకు చెందిన హ్యూ-ఫ్రీడీ కంపెనీతో కలిసి తయారుచేయించాడు. నోట్లో అన్ని చోట్లకూ ఒకే పరికరం పనికిరాదన్నది ఆయన ఆలోచన. ముందుపళ్లకు ఒకటి, దవడపళ్ల బుగ్గవైపుకు వేరొకటి. అదే దవడపంటికి ముందుపక్కన 11-12 నంబరు వాడాలి, వెనకపక్కన 13-14 వాడాలి. కొన మీది అలుగు కాడకు 70 డిగ్రీల వాలులో ఉంటుంది, దాని రెండు అంచుల్లో ఒక్కటే కోస్తుంది. సాన పట్టేటప్పుడు ఆ వాలు చెడితే పరికరం పాడైనట్టే. మొండిబారిన క్యూరెట్‌తో గీకితే గార ఊడి రాదు. పైన నునుపు తేలి వేరుకే అతుక్కుని ఉండిపోతుంది. ఆ నునుపు మీద చెయ్యి ఆడిస్తే శుభ్రమైన వేరే తగులుతున్నట్టు ఉంటుంది. పని అయిపోయిందని డాక్టరు అనుకుంటుంది, రోగి ఇంటికి వెళ్తాడు, కొన్ని వారాల్లో చిగురు మళ్లీ రక్తం కారుస్తుంది.

చిగురు కింద జరిగేదంతా కంటికి కనబడని పని. బియ్యం ఏరే చెయ్యి చూడకుండానే రాయిని పట్టుకున్నట్టు, క్యూరెట్ పట్టిన వేళ్లు వేరు మీది గరుకును పట్టుకోవాలి. ఇది పుస్తకంలో దొరికేది కాదు, గురువు పక్కన నిలబడి నెలల తరబడి చేస్తేనే వచ్చేది. కోతలు, కుట్లు మొదట బొమ్మ దవడల మీద నేర్పుతారు. చాలా కాలేజీల్లో మేక దవడలు తెప్పించి వాటి మీద కూడా సాధన చేయిస్తారు. మనిషి నోట్లో కత్తి పెట్టే వంతు ఆ తర్వాతే వస్తుంది.

రోగి నోట్లో మొదటి పని కొలవడం. ప్రోబ్ అనే సన్నని పుల్ల మీద మిల్లీమీటర్ల గీతలు ఉంటాయి. దాన్ని పంటికీ చిగురుకీ మధ్య దించి, ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు చూస్తారు. జ్ఞానదంతాలను వదిలేసినా 28 పళ్లకు 168 కొలతలు. లోతు మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిదే. నాలుగు, ఆపైన వచ్చి, రక్తం కూడా కనబడితే అక్కడ చిగురు పంటిని వదిలి సంచిలా జారుతోందని అనుమానించాలి. నొక్కుడు సుమారు 25 గ్రాముల బరువంత ఉండాలి. ఎక్కువైతే ఆరోగ్యంగా ఉన్న చిగురు కూడా రక్తం కారుస్తుంది, తక్కువైతే జబ్బున్న చోటు దాటిపోతుంది. పొగతాగేవాళ్ల చిగుళ్లు ఇంకో చిక్కు: లోపల ఎముక కరుగుతున్నా రక్తం పెద్దగా రాదు, పైకి బాగున్నట్టే ఉంటాయి. అలాంటి నోట్లో కొలతే ఆధారం.

ఇంత కొలిచి ఏం తేల్చుకుంటారన్న ప్రశ్నకు జవాబు మన పొరుగున, శ్రీలంక తేయాకు తోటల్లో దొరికింది. నార్వేలో పుట్టిన పరిశోధకుడు హరాల్డ్ లోయె 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో 12 మందితో పళ్లు తోముకోవడం మాన్పించి చూశాడు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టగానే తగ్గిపోయాయి. పాచే కారణమని అలా తేలింది. 1970 నుంచి 15 ఏళ్లపాటు ఆయన బృందం శ్రీలంకలో 480 మంది తమిళ తోట కూలీల నోళ్లను చూస్తూ వచ్చింది. వాళ్లెవరికీ బ్రష్షు అలవాటు లేదు, పళ్ల వైద్యం అందలేదు. పాచి అందరికీ ఉంది, వాపు అందరికీ ఉంది. అయినా ఎనిమిది శాతం మందిలో జబ్బు వేగంగా ముదిరింది, 81 శాతం మందిలో మెల్లగా సాగింది, మిగిలిన 11 శాతం మందిలో వాపు దాటి ముందుకు పోలేదు. 1986లో అచ్చయిన ఈ ఫలితం చిగుళ్ల వైద్యం ఆలోచననే మార్చింది. ఎదురుగా కూర్చున్న మనిషి ఈ మూడింటిలో ఏ గుంపువాడో పసిగట్టడం నిపుణుడి పని అయింది. 2017లో షికాగోలో ప్రపంచ నిపుణులు కూర్చుని చేసిన కొత్త వర్గీకరణలో జబ్బు ఎంత ముదిరిందో చెప్పే దశతో పాటు, ఎంత వేగంగా ముదురుతుందో చెప్పే శ్రేణి కూడా చేరింది. మూడు నెలల షుగరు సగటు ఏడు శాతం, ఆపైన ఉన్నా, రోజుకు పది సిగరెట్లు తాగినా రోగి అత్యంత వేగమైన శ్రేణిలోకే వెళ్తాడు.

ఈ చదువును బళ్లారి జిల్లాలో నిలబెట్టి చూస్తే దాని బలమూ లోటూ రెండూ కనబడతాయి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరు వైపు వెళ్లింది. బళ్లారి రాఘవ తెలుగు నాటకానికి పేరు తెచ్చిన ఊరు అది. ఈనాటికీ అక్కడ ఒకే వీధిలో కన్నడం, తెలుగు, ఉర్దూ వినబడతాయి. జబ్బు చేస్తే సరిహద్దు గుర్తుకురాదు: ఆలూరు, రాయదుర్గం వైపు పల్లెల జనం బళ్లారి బస్సు ఎక్కి విమ్స్‌గా పేరుపడ్డ పెద్దాసుపత్రికి వస్తారు. 1961లో వైద్య కళాశాలగా మొదలైన సంస్థ అది. ఊళ్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల కూడా ఉంది. చిగుళ్ల వైద్యంలో పీజీ చదవాలనుకునే ఈ ప్రాంతపు పిల్లలకు చుట్టుపక్కల కర్నూలులో జి. పుల్లారెడ్డి, రాయచూరులో నవోదయ, దావణగెరెలో 1979 నాటి బాపూజీ లాంటి కళాశాలలు ఉన్నాయి. ప్రభుత్వ సీట్లలో సగం అఖిల భారత కోటా కాబట్టి, కన్నడమూ తెలుగూ రాని విద్యార్థులు ఇటు వస్తారు, ఇక్కడి పిల్లలు ఇంకో రాష్ట్రానికి వెళ్తారు.

భాష రాకపోతే మిగతా విభాగాల్లో ఎలాగో నెట్టుకురావచ్చు. చిగుళ్ల విభాగంలో కష్టం. పిప్పిపన్ను నొప్పి పెట్టి మనిషిని తనే ఆసుపత్రికి లాక్కొస్తుంది. చిగుళ్ల జబ్బు చాలావరకు నొప్పి లేకుండానే ఎముకను తినేస్తుంది. పన్ను కదిలేదాకా మనిషి రాడు. వచ్చాక కూడా అడిగేది ఒకటే: “పండు కదుల్తా ఉండాదమ్మా, పీకేయి.” దానికి పీజీ డాక్టరమ్మ, “పీకడం ఎప్పుడైనా పీకొచ్చు తాతా, ముందు గార తీసి చూద్దాం” అని మొదలుపెట్టాలి. తాత వెంటనే ఒప్పుకోడు. గార తీయిస్తే పళ్లు వదులవుతాయనీ, సందులు పడతాయనీ ఊళ్లో చెప్పుకుంటారు. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, దాని వెనక ఒక అనుభవం ఉంది. ఏళ్ల తరబడి పేరుకున్న గార పళ్లను ఒకదానికొకటి అతికించి పట్టుకుని ఉంటుంది. అది పోగానే కదలిక తెలుస్తుంది. వాపు తగ్గి చిగురు కిందికి దిగితే ఎప్పటి నుంచో ఉన్న సందు బయటపడుతుంది. ఎముకను తిన్నది జబ్బు, నింద మోసేది వైద్యం. దీన్ని తాతకు తన మాటలో, చేతికి అద్దం ఇచ్చి, ఎక్స్‌రే చూపించి చెప్పగలగడం క్యూరెట్ పట్టడమంత కష్టమైన నేర్పు. దీనికి మార్కులు చాలా తక్కువ.

వందేళ్ల కిందట అమెరికాలో కూడా, పయోరియా అని పిలిచిన ఈ చిగుళ్ల జబ్బుకు పళ్లు పీకడమే చాలామందికి తెలిసిన మందు. ఆ పళ్లను నిలబెట్టవచ్చని పట్టుబట్టి 1914లో చిగుళ్ల వైద్యుల తొలి అకాడమీని స్థాపించింది గ్రేస్ రోజర్స్ స్పాల్డింగ్, జిలెట్ హేడెన్ అనే ఇద్దరు మహిళా దంతవైద్యులు. మన దేశంలో ఈ విభాగం వాళ్ల సంఘం 1975లో ఏర్పడింది. దాని వ్యవస్థాపకుడు డాక్టర్ జి.బి. శంఖ్వాల్కర్ పుట్టినరోజు ఆగస్టు 1ని నోటి శుభ్రత దినంగా జరుపుతారు. ఆ రోజు కాలేజీలు ఊరేగింపులు తీస్తాయి, పల్లెల్లో శిబిరాలు పెడతాయి. మంచి పనే. కానీ శిబిరంలో గార తీయించుకున్న మనిషిని మూడు నెలల తర్వాత మళ్లీ చూసేది ఎవరు?

చిగుళ్ల వైద్యం ఒక్కసారితో తీరేది కాదు. గార తీశాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మళ్లీ కొలవాలి. లోతు ఐదు మిల్లీమీటర్లు దాటిన చోట్ల చిగురు విప్పకుండా గార మొత్తం తీయడం చెయ్యి తిరిగినవాళ్లకైనా కష్టం. అలాంటి చోట్ల ఫ్లాప్ సర్జరీ చేసి, వేరును కంటితో చూస్తూ శుభ్రం చేసి కుట్టేస్తారు. వారం పది రోజులకు కుట్లు తీస్తారు. అసలు వైద్యం ఆ తర్వాత మొదలవుతుంది: రెండు మూడు నెలలకోసారి రావడం, కొలవడం, పాచి తీయడం, ఇంట్లో తోముకునే తీరు సరిచేయడం.

దీని విలువ ఎంతో స్వీడన్‌లో పెర్ ఆక్సెల్సన్, యాన్ లిండే చూపించారు. కార్ల్‌స్టాడ్ పట్టణంలో 1970ల మొదట్లో చేర్చుకున్న మనుషులను క్రమం తప్పకుండా పిలిపిస్తూ 30 ఏళ్లు చూశారు. 2004లో వచ్చిన నివేదిక ప్రకారం ఆ 30 ఏళ్లలో వాళ్లు పోగొట్టుకున్న పళ్లు వయసు గుంపును బట్టి సగటున 0.4 నుంచి 1.8 మాత్రమే. మహత్తు ఏమీ లేదు. పిలిచారు, వాళ్లు వచ్చారు.

బళ్లారి పల్లెలో పిలుపు అందుకోవడం అంత తేలిక కాదు. మిరప కోతలు మొదలయ్యాక కూలి వదులుకుని ఎవరూ నొప్పి లేని చిగురు కోసం బస్సు ఎక్కరు. జీన్స్ కుట్టే షెడ్డులో కుట్టిన లెక్కన డబ్బులు వచ్చేవాళ్లకు సగం రోజు పోతే ఆ మేరకు కూలి పోతుంది. కాబట్టి మళ్లీ రమ్మనడం ఒక మాట చెప్పి ఊరుకునేది కాదు. ఏ వారం వస్తే రోగికి తక్కువ నష్టమో అడగాలి, ఫోన్ చేయాలి, షుగరు మందుల కోసం పెద్దాసుపత్రికి వచ్చే రోజుతో కలపాలి. షుగరుతో కలపడానికి గట్టి కారణమే ఉంది. చిగుళ్లకు వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో షుగరు సగటు 0.4 శాతం పైచిలుకు తగ్గుతుందని 2022లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. చిగుళ్ల విభాగం పీజీలు షుగరు ఓపీ దగ్గర ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎంత మంది దొరుకుతారో, ఎంత మంది తిరిగి వస్తారో! ఈ వ్యాసం రాసేవారి కోరిక అది.

పరీక్ష తీరు చూస్తే మాత్రం ఈ దిశగా ఊపు లేదు. భారత దంత వైద్య మండలి 2017 నిబంధనల్లో చివరి ప్రాక్టికల్ ఇలా ఉంటుంది: మొదటి రోజు ఒక పెద్ద కేసు, ఒక చిన్న కేసు వివరించాలి, ముందే సిద్ధం చేసుకున్న రోగికి నోటిలో నాలుగో వంతు భాగంలో శస్త్రచికిత్స చేయాలి. రెండో రోజు ఆ రోగినే చూపించి చర్చించాలి, థీసిస్ వివరించాలి. కోత ఎలా పెట్టింది, కుట్టు ఎలా వేసింది పరీక్షకులు చూస్తారు. చెయ్యి పనితనం తెలియాలంటే అది అవసరమే. అయితే చిగురు తీర్పు మరునాటికి రాదు. ఎముక నిలిచిందా, లోతు తగ్గిందా అన్నది నెలల తర్వాత తెలుస్తుంది. పన్ను మిగిలిందా అన్నది ఏళ్ల తర్వాత తెలుస్తుంది.

ఇంకో చిక్కు ఇంప్లాంట్లు. ఇప్పుడవి ఈ కోర్సులో భాగమే, బయట ప్రాక్టీసులో డబ్బు కూడా అక్కడే ఉంది. పోయిన పంటి చోట మేకు దించడం మీద కుర్రవాళ్లకు ఉన్న ఉత్సాహం, ఉన్న పంటిని ఇరవై ఏళ్లు నిలబెట్టడం మీద ఉండదు. ఆ మేకు చుట్టూ కూడా పాచి చేరుతుంది, చిగురు వాస్తుంది, ఎముక కరుగుతుంది. ఇంప్లాంటు వేయించుకున్న మనిషిని కూడా జీవితాంతం పిలిపించుకోవాల్సిందే.

పీజీ కాలేజీలో ఉండేది మూడేళ్లు, రోగికి అవసరమైంది జీవితాంతం. ఒక బ్యాచ్ వెళ్లిపోగానే వాళ్లు చూసిన రోగులు చెల్లాచెదురవుతారు. పేరు తెలిసిన డాక్టరమ్మ లేదని తెలిస్తే తాత మళ్లీ రాడు. దీన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. వెళ్లిపోయే విద్యార్థి తన రోగులను ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని కొత్తగా చేరిన విద్యార్థికి పరిచయం చేసి, 168 కొలతల పట్టీలతో సహా అప్పగించాలి. అప్పగింత జరిగాకే సర్టిఫికెట్ ఇవ్వాలి. చివరి పరీక్షలో ఇంకో కేసు చేర్చాలి: మొదటి ఏడాదిలో తాను గార తీసిన మనిషి, అప్పటి కొలతలు, ఇప్పటి కొలతలు, మధ్యలో ఎన్నిసార్లు పిలిచింది, అతను ఎన్నిసార్లు వచ్చాడు, రానప్పుడు ఎందుకు రాలేదు. పరీక్షకులు కత్తి పట్టిన తీరుతో పాటు ఆ చివరి ప్రశ్నకు జవాబు కూడా వినాలి, దానికి మార్కులు వేయాలి.