కేట్ బుష్ రికార్డుకు రెండు వైపులు

2022లో నెట్‌ఫ్లిక్స్‌లో 'స్ట్రేంజర్ థింగ్స్' నాలుగో సీజన్ చూసినవాళ్లకు 'రన్నింగ్ అప్ దట్ హిల్' పాట గుర్తుండే ఉంటుంది. 1985లో విడుదలైనప్పుడు బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్లి ఆగిన పాట అది. 37 ఏళ్ల తర్వాత మొదటి స్థానానికి చేరింది. దాన్ని పాడిన కేట్ బుష్ గురించి మన పిల్లలకు చెప్పాలని ఎప్పటినుంచో నా కోరిక.

పాప్ పాట మొదటిసారి వినగానే నోటికి పట్టేయాలి. కేట్ ఆ షరతును ఎన్నడూ చిన్నచూపు చూడలేదు, తన వింత పోకడలనూ వదులుకోలేదు. 1978లో, 19 ఏళ్ల వయసులో వచ్చిన తొలి సింగిల్ 'వదరింగ్ హైట్స్'. ఎమిలీ బ్రాంటీ నవలలో చనిపోయిన కేథరిన్ కిటికీ బయట నిలబడి లోపలికి రానివ్వమని వేడుకునే ఘట్టమే పాట. పాడేది ఆత్మ కాబట్టి గొంతును బాగా పైస్థాయికి ఎత్తింది. రికార్డు కంపెనీ వేరే పాటతో మొదలుపెడదామంటే ఆమె పట్టు విడవలేదు. నాలుగు వారాలు అదే నంబర్ వన్. తానే రాసిన పాటతో బ్రిటన్‌లో ఆ స్థానం అందుకున్న తొలి గాయని ఆమే.

1982లో 'ది డ్రీమింగ్' ఆల్బమ్‌ను పూర్తిగా తనే నిర్మించింది. ఫెయిర్‌లైట్ అనే కొత్త యంత్రంలో రకరకాల చప్పుళ్లు నింపి, వాటినే వాద్యాలుగా వాయించింది. జనం తక్కువ కొన్నారు. మరొకరైతే పాత బాణీకి తిరిగొచ్చేవారు. ఆమె ఇంటిదగ్గరే సొంత స్టూడియో కట్టుకుంది. గంటల లెక్కన అద్దె కట్టే తొందర తీరిపోయింది. ఆమె మలుపుకు అసలు కారణం ఇదేనని నేను నమ్ముతాను.

అక్కడ పుట్టిందే 1985 నాటి 'హౌండ్స్ ఆఫ్ లవ్' ఆల్బమ్. అందులోని 'రన్నింగ్ అప్ దట్ హిల్' మొదలయ్యే తీరు గమనించండి. ముందు మన కచేరీలో తంబురాలా ఒక శ్రుతి నిలుస్తుంది. దాని కింద డ్రమ్ యంత్రం గుర్రపు డెక్కల్లా పరుగెత్తుతుంది. ఆ పైన ఫెయిర్‌లైట్ మీద చిన్న స్వరాల వరుస తిరిగి తిరిగి వస్తుంది. పాదం తానే తాళం వేస్తుంది. పాటలోని ఆలోచన మాత్రం తేలికైంది కాదు: ఆడా మగా దేవుడితో ఒప్పందం చేసుకుని, ఒకరి స్థానంలోకి ఒకరు మారితే అర్థం చేసుకోగలరేమోనన్న ఆశ.

రికార్డు మొదటి వైపున్న ఐదు పాటల్లో నాలుగు సింగిల్స్‌గా వచ్చాయి. రెండో వైపు 'ది నైన్త్ వేవ్' పేరుతో ఏడు పాటలు, ఒకే కథ. రాత్రి సముద్రంలో ఒంటరిగా తేలుతూ, నిద్రపోతే మునిగిపోతానని భయపడే స్త్రీ మనసు అది. అందులో ఐరిష్ జానపద వాద్యాలు వినిపిస్తాయి, జార్జియా దేశపు బృందగానం వినిపిస్తుంది. నా దృష్టిలో ఆమె రచనల్లో శిఖరం ఈ రెండో వైపే. మొదటి వైపు పాటలకు అలవాటుపడ్డ చెవి ఇక్కడ ఆమెను నమ్మి వెంట వెళ్తుంది.

1979 తర్వాత మళ్లీ 2014 దాకా ఆమె పూర్తిస్థాయి కచేరీలు చేయలేదు. ఆ ఏడాది లండన్‌లో 22 రాత్రులు పాడినప్పుడు 'ది నైన్త్ వేవ్' కథ మొత్తాన్నీ వేదికకెక్కించింది. సీరియల్ పుణ్యమా అని ఒక్క పాట విన్నవాళ్లు, ఒక రాత్రి తీరిక చేసుకుని ఆ ఏడు పాటలనూ వరుస మార్చకుండా వినండి.