ఒక్క వేలి పరీక్ష

ఏదైనా సినిమా నేపథ్య సంగీతం అద్భుతమని ఎవరైనా అంటే, నమ్మేముందు నేనొక పని చేస్తాను. జూలూరుపాడులో మా భజన మండలి హార్మోనియం ముందు కూర్చుని ఆ సినిమా ప్రధాన బాణీని ఒక్క వేలితో వాయిస్తాను. వయొలిన్లుండవు, డ్రమ్ములుండవు, కోరస్ ఉండదు. అయినా పక్కన తాళాలు తుడుచుకుంటున్న పెద్దాయన తలెత్తి 'ఇది ఫలానా సినిమాలోది కదయ్యా' అన్నాడంటే అందులో సరుకున్నట్టే.

'నాయకుడు' ఈ పరీక్షలో ఎప్పుడూ నెగ్గుతుంది. 1987లో మణిరత్నం తీసిన ఆ సినిమా ఇళయరాజాకు 400వది. తమిళం నుంచి డబ్బింగై వచ్చినా మనవాళ్లకు సొంతమైపోయింది. అందులో ప్రధాన బాణీ పల్లెపాట వరస, గొంతున్న ఎవరైనా పాడేయొచ్చు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడితో మొదలై, వాడు ముసలివాడై కూలిపోయేదాకా వెంట వస్తుంది. మొదట విన్నప్పుడు పెద్దగా పట్టించుకోం, మన ధ్యాసంతా కథ మీదే. చివర్లో అదే వరస మళ్లీ వచ్చేసరికి కమల్‌హాసన్ ముసలి మొహంలో ఆ పిల్లవాడు కనిపిస్తాడు. ఫ్లాష్‌బ్యాక్ అక్కర్లేదు, ఆ పని చెవే చేసేసింది.

అందుకే నా లెక్కలో వరస గొప్పదనం సగమే. మిగతా సగం దాన్ని దాచిపెట్టుకోవడంలో ఉంది. శ్రీరామనవమి నాడు భద్రాచలం మిథిలా స్టేడియంలో కూర్చున్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? సన్నాయి సాగుతూనే ఉంటుంది, జనం విసురుకుంటూ కబుర్లాడుకుంటారు. అభిజిత్ లగ్నంలో సూత్రధారణ వేళ గట్టిమేళం ఎత్తుకోగానే ఎక్కడివాళ్లక్కడ చేతులు జోడిస్తారు. అదే గట్టిమేళం పొద్దుటి నుంచీ వాయిస్తే ఎవరు కదులుతారు? ఇప్పటి చాలా సినిమాలు చేస్తున్నది అదే. హీరో చెప్పు కనిపించినా గట్టిమేళం, కారు దిగినా గట్టిమేళం. 'ఎలివేషన్' అంటారు. హాల్లో గుండె అదిరే మాట నిజమే. ఇంటికొచ్చి వాయిద్దామంటే మాత్రం వేలికి ఏమీ దొరకదు.

మరి ఒక్క వేలు చాలితే ఆర్కెస్ట్రా దేనికంటారా? ఒకే స్వరాన్ని ఇరవైమంది వయొలిన్ల మీద పలికిస్తే ఏ ఇద్దరి శ్రుతీ, కాలమూ అచ్చంగా ఒకటి కావు. ఆ వెంట్రుకవాసి తేడాల వల్లే నాదం వెడల్పవుతుంది. ఒంటి వయొలిన్‌లో ఒక మనిషి ఏడుస్తాడు, ఇరవై కలిస్తే ఊరు ఏడుస్తుంది. ఏ సన్నివేశంలో బాణీని ఏ వాద్యానికి అప్పగించాలన్నదే అసలు విద్య. 1980 నాటి 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో డార్త్ వేడర్ అనే దుర్మార్గుడికి జాన్ విలియమ్స్ ఇత్తడి బూరలతో కవాతు కట్టాడు. 1983లో వచ్చిన తర్వాతి భాగంలో ఆ మనిషి ప్రాణం పోతుంటే అదే బాణీని మెల్లగా తగ్గిస్తూ, చివరికి ఒక్క హార్ప్ తీగల మీదికి తెచ్చాడు. వరస పాతదే. వాడి మీద జాలి పుడుతుంది.

ఇళయరాజా ఈ పంపకాలన్నీ రీలు చూసి, వాద్యం ముట్టుకోకుండా నేరుగా కాగితం మీద స్టాఫ్ నొటేషన్‌లో రాసేస్తారు. ఆ చేత్తో రాసిన సింఫనీనే 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. ఇక మన కీరవాణి సంగతి. 'ఆర్‌ఆర్‌ఆర్' అనగానే 2023లో ఆస్కార్ తెచ్చిన పాట అందరికీ గుర్తొస్తుంది. అదే సినిమా నేపథ్య సంగీతానికి 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఆయనకు అవార్డు వచ్చిందని ఎంతమందికి గుర్తుంది? పాటకు పల్లవి ఉంటుంది, పాడినవాళ్ల పేరుంటుంది. నేపథ్య బాణీని ఏమని అడిగి వేయించుకుంటాం?

ఇందులో మన తప్పూ ఉంది. మా వైపు నుంచి కొత్తగూడెం వెళ్లి సినిమా చూసేవాళ్లలో చాలామంది బండి స్టాండులో పెట్టి, తినుబండారాలు కొనుక్కుని, టైటిల్స్ అయిపోయాక హాల్లోకి అడుగుపెడతారు. సంగీత దర్శకుడు తన బాణీని తరచూ తొలిసారి వినిపించేది ఆ టైటిల్స్ పడుతున్నప్పుడే. చివర పేర్లు పడుతుంటే దాన్ని తీరిగ్గా, పూర్తిగా వాయిస్తాడు. అప్పటికి తలుపులు తీసేసి లైట్లు వేసేస్తారు, ఒక్కోసారి బొమ్మే ఆపేస్తారు. హాలు యజమానులకు మనవి: ఆ చివరి రెండు మూడు నిమిషాలు ఆపకండి. ఇది చదివే మీరు కూడా ఈసారి సినిమాకు పది నిమిషాలు ముందే బయల్దేరండి.