పీపాలో పండిన వగరు

"ఏందిరా ఇది, తంగేడు చెక్క నమిలినట్టు ఇంత వగరుండాదే!" మొదటి గుక్కకే చిన్నాన్న మొహం ముడుచుకొని గ్లాసు అరుగు మీద పెట్టేశాడు. కురబలకోటలో మా ఇంటి ముందర, డిసెంబరు చలి అప్పుడే దిగుతున్న వేళ. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు తెచ్చిన సీసా అది. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో రెండు మూడు రకాల ద్రాక్షల సారం కలిపి, ఓక్ చెక్క పీపాల్లో ఏడాదికి పైగా నిలవ చేసిన ఎర్ర వైన్. మూత తీసిన వెంటనే, పక్కన తినడానికి ఏమీ లేకుండానే పోసేశాను. తప్పు నాదే. కానీ చిన్నాన్న అన్న ఆ ఒక్క మాటలో వైన్ గుట్టంతా ఉంది.

మా వైపు గుట్టల మీద పసుప్పచ్చగా పూసే తంగేడు బెరడుతో ఒకప్పుడు తోళ్లు పదును చేసేవాళ్లు. యూరప్‌లో అదే పనికి ఓక్ బెరడు వాడారు. ఫ్రెంచివాళ్లు ఆ బెరడు పొడిని 'టాన్' అన్నారు. టానిన్ అనే మాట అందులోంచే వచ్చింది. తోలులోని మాంసకృత్తులను పట్టి బిగించేది ఆ పదార్థమే, నోట్లో లాలాజలంలోని మాంసకృత్తులను పట్టి నాలుకను ఎండగట్టేదీ అదే. దాన్ని ఒక రుచిగా లెక్కగట్టి పేరు పెట్టుకున్న భాష మనది. ఉగాది పచ్చడిలో మామిడి పిందె నుంచి నేరేడు పండు, పచ్చి జామకాయ, వక్క దాకా వగరును పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాళ్లం. ఎర్ర వైన్ రుచి చూడటానికి ఇంతకంటే మంచి తర్ఫీదు ఉండదని నా నమ్మకం.

ఈ వగరు మొదట ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వస్తుంది. చిక్కబళ్లాపురం వైపు పండే బెంగళూరు బ్లూ తిని పెరిగినవాళ్లకు వైన్ ద్రాక్ష తినే పండులాగే అనిపించదు. బోర్డోలో పేరున్న కాబర్నే సావిన్యాన్ గుత్తిలో కాయలు చిన్నవి, తొక్క మందం, గుజ్జుతో పోలిస్తే గింజ వాటా ఎక్కువ. అందుకే రంగూ వగరూ రెండూ దండిగా దిగుతాయి. దానికి జోడు మెర్లో. ఇది ముందే పక్వానికి వస్తుంది, గుజ్జు మెత్తన, వగరు తక్కువ. అట్లాంటిక్ సముద్రపు గాలి మీద ఆధారపడిన ప్రాంతం కావడంతో బోర్డోలో వాన ఎప్పుడు ముంచుతుందో చెప్పలేరు. పూతప్పుడు పడితే ఒక రకం పోతుంది, కోతప్పుడు పడితే ఇంకో రకం పోతుంది. మా రైతు వేరుశనగలో కంది సాళ్లు, అనప సాళ్లు ఎందుకు వేస్తాడో అక్కడి రైతు మెర్లో, కాబర్నే కలిపి అందుకే నాటాడు. ఏదో ఒకటి చేతికొస్తుంది. ఆ జాగ్రత్తే పోనుపోను రుచికి ఆయువుపట్టయింది. కాబర్నే ఎముక అయితే మెర్లో కండ. కాబర్నే ఫ్రాంక్ సువాసనకు, పెతీ వెర్దో రంగుకు చిటికెడు. ఒక్కో మడి రసాన్ని విడిగా పులియబెట్టి, చలికాలంలో వరసగా రుచి చూస్తూ పాళ్లు తేల్చడం అక్కడ వైన్ తయారుచేసేవాడి పని.

మేనల్లుడు వచ్చిన దారి, అంటే మదనపల్లె మీదుగా చీకలబైలు దాటి చింతామణి పోయే దారి, ఇంకాస్త ముందుకు నంది కొండల దాకా తీసుకుపోతుంది. కర్ణాటక సరిహద్దు దాటినా దారి పొడుగునా ఇళ్లలో వినపడేది ఎక్కువగా తెలుగే. 1988లో కన్వల్ గ్రోవర్ ఆ కొండల దాపున ఫ్రెంచి రకాలతో ద్రాక్షతోట సంస్థ పెట్టారు. 1995 నుంచి బోర్డోకు చెందిన మిషెల్ రోలాన్ సలహాదారుగా వచ్చారు. వాళ్ల లా రిజర్వ్ కాబర్నే, షిరాజ్ కలిపి ఫ్రెంచి ఓక్‌లో నిలవ చేసిన వైన్. షిరాజ్ బోర్డో రకం కాదు గదా అని ముక్కు విరిచేవాళ్లకు ఒక మాట: 19వ శతాబ్దంలో బోర్డో వ్యాపారులు తమ పలచటి వైన్‌కు బలం కోసం రోన్ లోయలోని ఎర్మితాజ్ నుంచి అదే ద్రాక్ష సారం తెప్పించి కలిపేవారు. తోటపనిలో అసలు తేడా వేరే ఉంది. ఫ్రాన్సులో చలికి తీగ నిద్రపోతుంది. మన ఎండలో నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండు కత్తిరింపులు వేసి, వానలు వెనకబడ్డాక కాపు పట్టి, వేసవి మొదట్లో కోస్తారు.

ఇక పీపా. ఓక్‌ను మన తెలుగు బైబిల్లో సింధూర వృక్షం అన్నారు. ఫ్రాన్సు నడిబొడ్డున ఉన్న త్రోన్సే అడవిని పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ 17వ శతాబ్దంలో నౌకాదళానికి కలప కోసం క్రమపద్ధతిలో పెంచే ఏర్పాటు చేశాడు. ఓడల కాలం పోయి, ఆ అడవి కలప వైన్‌కు దక్కింది. చెట్లు దగ్గర దగ్గరగా, నిదానంగా పెరగడంతో చెక్క రేఖలు బిగుతుగా ఉంటాయి. ఆ చెక్కను రంపంతో కోయరు, రేఖ వెంబడి చీలుస్తారు. కోస్తే సన్నటి నాళాలు తెగి వైన్ కారిపోతుంది. చీల్చిన పలకలను ఆరుబయట పేర్చి రెండు మూడేళ్లు ఎండకూ వానకూ వదిలేస్తారు. వానకు చెక్కలోని మొరటు వగరు కడుక్కుపోతుంది.

తర్వాత పని చూస్తే నాకు మా ఊరి కొలిమి గుర్తొస్తుంది. బండి చక్రానికి ఇనప పట్టా ఎర్రగా కాల్చి ఎక్కించి, నీళ్లు కొట్టగానే అది బిగుసుకొని ఆకులన్నిటినీ ఒక్కటి చేసే దృశ్యం చిన్నప్పుడు చూశాను. పీపా చేసేవాడు పలకలను ఇనప కడియంలో గుండ్రంగా నిలబెట్టి, నడుమ చిన్న మంట పెడతాడు. వేడికి చెక్క మెత్తబడి వంగుతుంది. పలకల మధ్య జిగురు ఉండదు, మేకు ఉండదు, బిగువే పట్టి ఉంచుతుంది. వంగాక కూడా మంట ఆర్పడు. లోపలి గోడను ఎంతసేపు కాల్చాలో అక్కడ తేలుస్తాడు. ఆ కాల్పుకే చెక్కలోని లిగ్నిన్ విడిపోయి వనిల్లా వాసన పుడుతుంది, పొగవాసన పుడుతుంది. లవంగంలో ఉండే యూజినాల్ ఓక్‌లోనూ ఉంది. ఎండుకొబ్బరిని తలపించే లాక్టోన్లు కూడా ఉన్నాయి. అవి అమెరికా ఓక్‌లో మరీ ఎక్కువ.

బోర్డో పీపాలో 225 లీటర్లు పడుతుంది. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు సరిగ్గా 300. వాసన ఇవ్వడం దాని పనిలో సగమే. చెక్క సందుల్లోంచి అతి కొద్దిగా గాలి లోపలికి పోతుంటుంది. ఆ గాలి తగిలి వగరు అణువులు ఒకదానితో ఒకటి, రంగు అణువులతో కూడా ముడిపడి, నాలుకను గీరడం మానుతాయి. కొంత వైన్ ఆవిరై పోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు. తరిగినంతా మళ్లీ నింపుతూ ఉండాలి, లేకపోతే పైన గాలి చేరి పులిసిపోతుంది. సీసాలకు ఎత్తే ముందు పీపాకు ఐదారు కోడిగుడ్ల తెల్లసొన గిలక్కొట్టి పోయడం పాత పద్ధతి. సొనలోని మాంసకృత్తి మిగిలిన మొరటు వగరును పట్టుకొని అడుక్కు దిగుతుంది. ఇంత ఓపిక ఖరీదైనది కాబట్టి తొట్లలో ఓక్ ముక్కలు వేసి వాసన పట్టించే తయారీ కూడా ఉంది. వాసన వస్తుంది, ఆ నెమ్మది రాదు. కొత్త పీపాలు ఎక్కువ వాడినా నాకు నచ్చదు. మసాలా దంచి పోసిన కూరలో మాంసం రుచి తెలియనట్టు ద్రాక్ష దాక్కుంటుంది.

తాగే పద్ధతికి వస్తే, గది వేడిలో తాగమని సీసాల మీద రాసేది ఫ్రెంచి గదిని చూసి. 16 నుంచి 18 డిగ్రీలు దానికి సరి. మా ఊళ్లో మే నెలలో అరగంటైనా ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకు కొడుతుంది. వెడల్పు మూతి గాజు జగ్గులోకి వంచి గంట సేపు వదిలేయాలి. ఇత్తడి చెంబు పనికిరాదు, పులుపుకు చిలుం పడుతుంది. గ్లాసులో మూడో వంతు పోసి, తిప్పి, వాసన చూసి, కొద్దిగా నోట్లో నిలపాలి. 'వైన్స్' అని బోర్డు పెట్టిన దుకాణాలు మన ఊళ్లలో ఎన్ని కాపురాలు కూల్చాయో చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: ఇందులోనూ 13 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆల్కహాల్ ఉంటుంది. అన్నంతో పాటు ఒక గ్లాసు, అంతే. తాగనివాళ్లు దీని కోసం మొదలుపెట్టాల్సిన పనీ లేదు.

పక్కన ఏం తినాలన్నది పెద్ద సంగతి. కారం, వగరు ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. గుంటూరు మిరప దట్టించిన పులుసుతో ఈ వైన్ నిప్పుల మీద నూనె. ఆవకాయ దగ్గరికే రానీయకూడదు. కొవ్వు, మాంసకృత్తి ఉన్నది కావాలి. బోర్డోవాళ్లు గొర్రెపిల్ల మాంసంతో తాగుతారు. మనకు పొట్టేలు ఉంది.

ఆ రోజు జగ్గులో పోసి పక్కన పెట్టిన వైన్‌ను గంట తర్వాత అన్నాల దగ్గర మళ్లీ పోశాను. రాగి సంగటి, మిరియాలు వేసి దోరగా వేయించిన పొట్టేలు మాంసం. చిన్నాన్న ఒక ముద్ద తిని, అనుమానంగా ఒక గుక్క తాగాడు. ఏమీ మాట్లాడలేదు. ఇంకో ముద్ద, ఇంకో గుక్క. "ఇప్పుడు దోవకొచ్చిందిరా" అన్నాడు. గ్లాసు ఖాళీ చేశాక చాలన్నాడు.

పొద్దున గ్లాసులు తోమడానికి తీస్తుంటే చిన్నాన్న ఒకటి అందుకున్నాడు. అడుగున ఎర్రటి మరక ఎండిపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్లు మూసుకొని, చాలాసేపు పీల్చాడు. "లవంగం... ఎండుకొబ్బరి... ఏదో కొత్త బీరువా తలుపు తీసినట్టుండాది," అని గ్లాసు నా చేతికిచ్చాడు.