మన బయోడేటా: ఏముంది, ఏం లేదు

తిరుపతిలోనో చిత్తూరులోనో ఏదైనా నెట్ సెంటర్‌కు వెళ్లి బయోడేటా కావాలని అడగండి. కంప్యూటర్లో సిద్ధంగా ఉన్న నమూనాలో పేరు మార్చి ఇస్తారు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మతం, పెళ్లి అయిందా లేదా, తెలిసిన భాషలు, చివర వివరాలన్నీ నిజమని ధ్రువీకరించే వాక్యం. ఈ నమూనాను ఒక రచనగా తీసుకుని పరిశీలిద్దాం.

ఇది ఎవరు చదవడానికి రాసినది? ప్రభుత్వ ఉద్యోగాలకు పుట్టిన తేదీ, సామాజిక వర్గం అవసరమే. వయోపరిమితి, రిజర్వేషన్ వాటిపై ఆధారపడతాయి. అయితే వాటిని సేకరించడానికి ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వంటి సంస్థలకు సొంత దరఖాస్తు ఫారాలు ఉన్నాయి. శ్రీసిటీలోని ఒక ఫ్యాక్టరీకి పంపే సి.వి.లో కులమతాలకు పనిలేదు. అక్కడ చదివేవారు తెలుసుకోవాల్సింది ఈ అభ్యర్థి ఏ పని చేయగలరన్నది. మన నమూనా మీరు ఎవరి బిడ్డో చెబుతుంది. మీరేం చేశారో చెప్పదు.

సి.వి. అంటే కరికులం వీటే. ఈ లాటిన్ మాటకు ‘జీవిత గమనం’ అని అర్థం. పని చేసుకుంటూ చదివే దూరవిద్య విద్యార్థులకు ఈ అర్థం ముఖ్యం. ఉదాహరణకు, చిత్తూరు ప్రాంతంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మూడు సీజన్లు పనిచేసిన ఒక విద్యార్థినిని ఊహించండి. తోతాపురి కాయల లోడు వచ్చినప్పుడు తూకం రాసుకోవడం, రైతుకు చీటీ ఇవ్వడం, సాయంత్రానికి లెక్క అప్పగించడం ఆమె పని. కానీ బయోడేటాలో ‘అనుభవం’ అన్నచోట ఆమె ‘లేదు’ అని రాస్తుంది. నియామక పత్రం, నెల జీతం ఉంటేనే అనుభవమన్న భావన ఆమె చేత అలా రాయిస్తుంది. నమూనాలోని పెద్ద లోపం ఇదే. అక్కడ ఉండవలసిన వాక్యం ఇది: ‘మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మూడు సీజన్లు తూకాల నమోదు, చీటీల జారీ, రోజువారీ లెక్కలు.’ ఇందులో అతిశయోక్తి లేదు. ఇంటర్వ్యూలో అడిగితే వివరించగలదు. సర్టిఫికెట్ లేకపోయినా, సూపర్‌వైజర్ ఒప్పుకుంటే ఆయన పేరు, ఫోన్ నంబరు ఇవ్వవచ్చు.

కొందరు తమ డిగ్రీ దూరవిద్యలో చేసినదన్న సంగతి దాస్తారు. ఆ అవసరం లేదు. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయాల దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యు.జి.సి. 2020 నిబంధనలు చెబుతున్నాయి. పనిచేసిన సంవత్సరాలు, చదివిన సంవత్సరాలు రెండూ స్పష్టంగా రాయండి. మీ శ్రమ ఆ అంకెల్లోనే తెలుస్తుంది.

చిరునామా విషయంలో ఒక సందేహం రావచ్చు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. పాత సర్టిఫికెట్లలో చిత్తూరు జిల్లా అని ఉన్నా, చిరునామాలో ఇప్పటి జిల్లా పేరే రాయండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీ పాత బయోడేటాలో మీరు చేసిన పనిని తెలిపే వాక్యాలు ఎన్ని ఉన్నాయి? జీతం వచ్చినా రాకపోయినా, మీరు బాధ్యతగా చేసిన మూడు పనులను ముందు తెలుగులో రాయండి. తర్వాత వాటిని ఇంగ్లీషులోకి మార్చి సి.వి.లో చేర్చండి.